అమ్మ కథలో కర్త ఎవరు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ‘మాది విశాఖపట్నం. అమ్మకు 68 ఏళ్లు. నగరానికి దక్షిణాన అమ్మ పుట్టిన ఊరు ఒక పెద్ద ప్రాజెక్టు కింద పోయింది. తాతయ్య అప్పటికే లేరు. పరిహారం డబ్బు, నిర్వాసితుల కోటాలో ఉద్యోగం పెద్దమామకు వచ్చాయి. అమ్మకు ఏమీ రాలేదు. అమ్మ ఏడో తరగతి చదివింది, తరువాత చదువు ఆగిపోయింది. వాటా వదులుకుంటున్నట్టు ఉన్న కాగితం మీద అమ్మ వేలిముద్ర ఉంది. అమ్మ జీవితాన్ని పుస్తకంగా రాయాలని ఉంది. అమ్మ గొంతుతో నేను అని రాయవచ్చా? పెద్దమామ బతికే ఉన్నారు, ఆయన పేరు రాయవచ్చా? మా కులం గురించి రాయాలా? ఆఫీసులో ఎవరికీ తెలియదు.’

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఊరుకున్నాను. వెంటనే జవాబిస్తే ‘ధైర్యంగా రాయండి’ అనడం తప్ప ఇంకేమీ చెప్పలేనేమో అనిపించింది. ఆ మాట మీకు ఎవరైనా చెబుతారు. నేను ఈ నగరంలో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పాను. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి ఇప్పటిదాకా ఇరవై మందికి పైగా తమ జీవితాలు రాసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. వాళ్లలో పోర్టు కళాసీ ఉన్నారు, ఆసుపత్రి ఆయా ఉన్నారు, కుట్టుమిషను మీద ముగ్గురు పిల్లలను చదివించిన తల్లి ఉన్నారు. అచ్చయినవి నాలుగే. మిగిలినవి నోటుపుస్తకాల్లో, ఆ ఇళ్లలోనే ఉన్నాయి. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

క్యాసెట్ రికార్డర్ల రోజులవి. సముద్రం ఒడ్డున జాలరిపేటలో ఒక పెద్దావిడ ఇంటికి నెల రోజుల పాటు సాయంత్రాలు వెళ్లాను. ఆవిడ గంపలో చేపలు మోసి ఇంటింటికీ తిరిగి అమ్మిన మనిషి. భర్త తెప్ప మీద వేటకు వెళ్లేవారు. ఆ చివరి రోజు గురించి ఆవిడ చెప్పినవి రెండే వాక్యాలు: ‘తెప్ప వచ్చింది. ఆయన రాలేదు.’ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ క్యాసెట్టులో ఆ చోట పక్కింటి రేడియో వార్తలు మాత్రమే వినిపిస్తాయి. నేను ఇంటికి వచ్చి, దానిని మంచి తెలుగు చేస్తున్నాననుకుని, ‘నా భర్త సముద్రంలో ప్రాణాలు కోల్పోయారు’ అని రాశాను.

వారం తరువాత చదివి వినిపించాను. ఆవిడ వల చిక్కు తీస్తూ వింటున్నారు. ఆ వాక్యం దగ్గర చేతులు ఆగాయి. ‘నేను అలా చెప్పలేదమ్మా. ఆయన పోయారని నేను ఏనాడూ ఎవరితోనూ అనలేదు. రాలేదన్నాను’ అన్నారు.

ఆ తరువాత గానీ అసలు కథ నాకు తెలియలేదు. శవం దొరకలేదు. ఆఫీసు కాగితాల్లో ‘గల్లంతు’ అని రాశారు. మనిషి ఆచూకీ అయినవాళ్లకు ఏడేళ్ల పాటు తెలియకపోతే తప్ప చట్టం ఆ మనిషిని చనిపోయినట్టు భావించదు. ఆ ఏడేళ్లూ అత్తింటివారు ‘పోయాడు’ అనమన్నారు, కర్మకాండ చేయాలి కాబట్టి. ఊళ్లో పెద్దలు గాజులు తీయమన్నారు. ఆవిడ తీయలేదు. ‘రాలేదు’ అనే ఒక్క క్రియను పట్టుకుని ఆవిడ అందరి ఎదుట నిలబడ్డారు. ఏళ్ల తరబడి అంతమంది కలిసి చేయించలేని పనిని నేను ఒక సాయంత్రం కలంతో చేసేశాను. అందులో దురుద్దేశం లేదు, కానీ ఆవిడ పేరు మీద ఆవిడ ఏనాడూ ఒప్పుకోని మాటను రాసింది నేనే.

కాబట్టి అమ్మ గొంతుతో ‘నేను’ అని రాయవచ్చా అంటే, రాయవచ్చు గానీ ఆ ‘నేను’ కింద వచ్చే ప్రతి క్రియా అమ్మదే అయి ఉండాలి. మీకు అంత ఓపిక, అంత రికార్డింగు ఉంటేనే ఆ దారి పట్టండి. లేకపోతే మీ ‘నేను’తోనే రాయండి: కూతురు రాస్తోంది, అమ్మ చెబుతోంది, అమ్మ మాటలు అమ్మ మాటలుగా విడిగా నిలబడతాయి. నన్నడిగితే మీకు రెండోదే తగినది. ఈ కథలో మీరు కూడా ఉన్నారు. మీరు ఆ పెద్దమామకు మేనకోడలు. ఆయన ఒళ్లో ఆడుకుని ఉంటారు, ఆయన కొనిచ్చిన బట్టలు కట్టుకుని ఉంటారు. అమ్మ ‘నేను’ వెనక దాక్కుంటే అదంతా పోతుంది.

ఇప్పుడు మీరు రాసిన ప్రశ్ననే మరోసారి చదవండి. ‘ఊరు పోయింది.’ ‘చదువు ఆగిపోయింది.’ ‘ఉద్యోగం పెద్దమామకు వచ్చింది.’ ‘అమ్మకు ఏమీ రాలేదు.’ నాలుగు వాక్యాలు, నాలుగు పెద్ద విషయాలు. వాటిలో ఒక్క మనిషి కూడా ఒక్క పని కూడా చేయలేదు. అన్నీ వాటంతట అవే జరిగిపోయాయి, వాన కురిసినట్టు.

మన భాషలో ఇది చాలా సులువు. ఆగడం, ఆపడం. మానడం, మాన్పించడం. పోవడం, తీసుకోవడం. ఒకటి తనంతట జరిగేది, ఇంకొకటి ఒకరు చేసేది. ఇంట్లో పిల్లవాడు గ్లాసు కింద పడేసి ‘పగిలిపోయింది’ అంటాడు. తల్లి వదలకుండా ‘పగిలిపోయిందా, పగలగొట్టావా?’ అని అడుగుతుంది. ఆత్మకథ చదివేటప్పుడు నేను ఆ తల్లిలాగే అడుగుతాను. మీ అమ్మగారి చదువు ఆగిపోయిందా, ఎవరైనా ఆపారా? ఆపితే ఎవరు? తాతయ్యా, అమ్మమ్మా? తరువాతి బడి పక్క ఊళ్లో ఉందా? చిన్న పిల్లలను చూసుకోవడానికి ఆపారా? పెద్దమనిషి అయిందని ఆపారా? పెద్దమామ చదువు కూడా అప్పుడే ఆగిందా, లేక ఆయన చదువు సాగడానికే అమ్మ చదువు ఆగిందా? ‘ఆగిపోయింది’ అన్న ఒక్క మాట కింద ఇవన్నీ కప్పబడి ఉన్నాయి. జీవిత కథ రాయడంలో న్యాయం గురించి ఎన్ని పెద్ద చర్చలు జరిగినా, నా అనుభవంలో అది మొదట తేలేది ఇక్కడే. ప్రతి క్రియ దగ్గరా కర్త ఎవరో అడిగారా లేదా?

అయితే ప్రతి ‘పోయింది’నీ ‘తీసుకున్నారు’గా మార్చేయమని దీని అర్థం కాదు. అలా మారిస్తే నేను జాలరిపేటలో చేసిన తప్పునే మీరు తిరగేసి చేసినట్టవుతుంది. అమ్మ ‘నేనే మానేశాను’ అనవచ్చు. అది నిజంగా ఆమె నిర్ణయం కావచ్చు, తండ్రి మీద మాట పడకుండా యాభై ఏళ్లుగా తన మీద వేసుకున్నదీ కావచ్చు. రెండు వేర్వేరు రోజుల్లో, రెండు వేర్వేరు పనుల మధ్య అడగండి. బియ్యం ఏరుతున్నప్పుడు చెప్పిన జవాబు, ఫోను రికార్డింగు ముందు పెట్టి అడిగినప్పుడు చెప్పిన జవాబు ఒకటి కాకపోతే, రెండూ రాయండి. ఏది నిజమో మీరు తేల్చనక్కర్లేదు.

ఊరి విషయంలో మాత్రం ‘పోయింది’ని అంత తేలిగ్గా వదలకండి. మన విశాఖ అలా పోయిన ఊళ్ల మీద కట్టిన నగరం. 1933లో తెరిచిన ఓడరేవు, 1941లో పునాది పడిన ఓడల కర్మాగారం, ఆ తరువాత నౌకాదళం, ఉక్కు కర్మాగారం: ఇక్కడి గొప్ప తేదీలన్నీ మనం పిల్లలకు పాఠంగా చెబుతాం. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి ఇక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను సముద్రంలోకి వదిలారని చెబుతాం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో జరిగిన ఉద్యమం గురించి, అందులో ప్రాణాలిచ్చిన వారి గురించి చెబుతాం, చెప్పాలి కూడా. కానీ ఇల్లు ఖాళీ చేసిన ఉదయం గంగాళం ఎవరి నెత్తిన పెట్టారో, పశువులను ఎవరికి అమ్మారో, ఊరి అమ్మవారిని కొత్త కాలనీకి ఎలా తీసుకువెళ్లారో రాసిన పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? మీ అమ్మగారి దగ్గర ఉన్నది ఆ చరిత్ర. అందుకే ఇది ఒక ఇంటి ఆస్తి తగాదాగా మాత్రమే మిగలకూడదని నా కోరిక.

అది పెద్ద చరిత్ర కావాలంటే ‘మేము’ అనే మాట దగ్గర జాగ్రత్త పడాలి. ‘మేము’, ‘మనం’ అని రెండు వేరు మాటలున్న భాష మనది. ‘మేము బావి దగ్గర దూరంగా నిలబడేవాళ్లం’ అంటే చదువరి బయట ఉన్నాడు. ‘మనం మర్చిపోయాం’ అంటే చదువరిని కూడా ఆ బాధ్యతలోకి లాగారు. ఏ చోట ఏది వాడుతున్నారో తెలిసి వాడండి. ‘మేము’ అన్నప్పుడు ఆ మాటలో ఎవరున్నారు? ఊరంతానా, మీ వీధా, ఆడవాళ్లా? పరిహారం దగ్గర అమ్మకూ పెద్దమామకూ కలిపి ఒక ‘మేము’ లేదు కదా. ఊరు ఖాళీ చేసినప్పుడు మాత్రం ఉంది. ఒకే పుస్తకంలో ఆ మాట కలుస్తుంది, విడిపోతుంది. దానిని అలాగే ఉంచండి.

ఇక ‘అట’. అందరూ చిన్నచూపు చూసే ఈ ప్రత్యయం ఆత్మకథకు ప్రాణం. రిగోబెర్తా మెంచూ పేరు విని ఉంటారు. గ్వాటెమాలా ఆదివాసీ స్త్రీ, 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. ఆమె చెప్పగా మరొకరు రికార్డు చేసి కూర్చిన జీవిత కథ 1983లో వచ్చింది. సైన్యం తన ప్రజల మీద చేసిన ఘోరాలను అది ప్రపంచానికి తెలిపింది. 1999లో డేవిడ్ స్టోల్ అనే మానవశాస్త్రవేత్త, ఆమె కళ్లారా చూసినట్టు చెప్పిన కొన్ని సంఘటనలు ఆమె చూసినవి కావని రాశారు. ఘోరాలు జరగలేదని ఆయన అనలేదు. అయినా ఏళ్ల తరబడి చర్చ అంతా ఆ ఘోరాల మీద కాక ఆమె నిజాయితీ మీద నడిచింది. ఆమె తనది ఒక్కదాని కథ కాదని, తన జనం కథ అని పుస్తకం మొదట్లోనే చెప్పుకున్నారు. నాకు ఆమె మీద గౌరవం ఏమాత్రం తగ్గలేదు. కానీ తెలుగులో రాసే మనకు ఆ ఇబ్బంది అక్కర్లేదు. ‘సర్వేయరు వచ్చాడు’ అంటే అమ్మ చూసింది. ‘సర్వేయరు వచ్చాడట’ అంటే అమ్మ విన్నది. ఒక్క అక్షరంతో సాక్షి ఎవరో తేలిపోతుంది. ఎడిటింగులో ఎవరైనా ‘ఈ అటలు ఎక్కువయ్యాయి, తీసేద్దాం’ అంటే ఒప్పుకోకండి.

అమ్మ మాటల్లోని పదాలకు కూడా ఇదే వర్తిస్తుంది. అమ్మ ‘బుగత’ అంటే మీరు ‘భూస్వామి’ అని రాయకండి. బుగత అన్న మాటలో ఎదురుగా నిలబడి పిలిచే మనిషి వంగిన నడుము కూడా ఉంది. భూస్వామి అన్నదాంట్లో అది లేదు. ‘చోళ్లు’ అంటే ‘రాగులు’ అని మార్చనక్కర్లేదు, ఇతర జిల్లాల వారికి ఒక్కసారి చెబితే చాలు. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన అనుభవాలను స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. దొరికితే చదవండి. చెప్పేవాళ్ల మాట తీరును పుటల మీద ఎలా నిలబెట్టవచ్చో అందులో నేర్చుకోవచ్చు. నేను నేర్చుకున్నది అక్కడే, జాలరిపేట తరువాత.

పెద్దమామ దగ్గరకు వద్దాం. మీ ప్రశ్నలో ‘పెద్దమామ బతికే ఉన్నారు’ అని రాశారు, ‘అమ్మ చదివింది’ అని రాశారు. అది మీ తప్పు కాదు, మన ఇళ్లలో మాట్లాడేది అలాగే. అమ్మను ‘వచ్చింది’ అనడంలో ఉన్న దగ్గరతనం ఇంకే మాటలోనూ లేదు. కానీ పుస్తకంలో, పరాయి చదువరి ముందు, ఒకే గదిలో ఆయన ‘అన్నారు’ అయి, ఆమె ‘అంది’ అయితే తీర్పు ముందే వెలువడినట్టు ఉంటుంది. ఆయనను ‘వాడు’ అంటే మరో వైపు తీర్పు. అమ్మ తన అన్నయ్య గురించి ఎలా మాట్లాడుతుందో వినండి. ‘అన్నయ్య అన్నాడు’ అంటుంది కదా? పుస్తకంలో కూడా ‘మామ అన్నాడు, అమ్మ అంది’ అని ఉంచండి. ఇద్దరూ ఒక తల్లి పిల్లలుగా కనిపిస్తారు. నాకు అదే సరైనదనిపిస్తుంది.

పేరు దాచాలా అని అడిగారు. పేరు మార్చితే ఏమీ దాగదు. ‘పెద్దమామ’ అన్నదే ఒక పేరు. మీ అమ్మ పేరు అట్ట మీద ఉంటే ఆమె పెద్దన్నయ్య ఎవరో తెలియని వారు బంధువుల్లో ఎవరుంటారు? చట్టం చూసేది కూడా మనిషిని గుర్తుపట్టగలమా లేదా అన్నదే. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను, 2024 జూలై నుంచి అమల్లో ఉంది. ‘నిజమే కదా రాశాను’ అంటే క్రిమినల్ కేసులో అది ఒక్కటే చాలదు, ఆ నిజం ప్రజాహితం కోసం చెప్పినదై ఉండాలి. చనిపోయిన వారి గురించి రాసినా, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాస్తే అది కూడా దీని కిందికే రావచ్చు. మరోవైపు 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన రాజగోపాల్ తీర్పు ఉంది. మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో రాసిన ఆత్మకథను ఒక తమిళ పత్రిక వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. ముందుగానే ఆపే అధికారం వారికి లేదని, ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న మేరకు ఎవరి జీవితాన్నయినా వారి అనుమతి లేకుండానే ప్రచురించవచ్చని, దానిని దాటి కుటుంబం, పెళ్లి, సంతానం, చదువు వంటి సొంత విషయాల్లోకి వెళితే అనుమతి కావాలని జస్టిస్ జీవన్ రెడ్డి ధర్మాసనం చెప్పింది. మీకు దీనివల్ల రెండు పనులు పడతాయి. ఒకటి, రికార్డులు సంపాదించడం. సమాచార హక్కు చట్టం కింద ఆ ఊరి భూసేకరణ అవార్డు, అంటే ఎవరికి ఎంత పరిహారమో తేల్చిన ఉత్తర్వు, నకలు అడగండి. బడి అడ్మిషన్ రిజిస్టరులో అమ్మ చేరిన తేదీ, మానిన తేదీ చూడండి. రెండు, అచ్చుకు ముందు ఒక న్యాయవాదికి చూపించడం. నేను న్యాయవాదిని కాను.

కానీ కోర్టు భయం కన్నా ముందు చేయవలసినది ఒకటుంది. నోటుపుస్తకం పట్టుకుని పెద్దమామ దగ్గరకు వెళ్లండి. ‘మామయ్యా, అమ్మ కథ రాస్తున్నాను, ఆ రోజుల గురించి మీరు కూడా చెప్పండి’ అనండి. ఆయన కోప్పడవచ్చు. ‘పెళ్లికి అంత ఖర్చు పెట్టాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇంకేం వాటా?’ అనవచ్చు. అంటే అదే మాటను ఆయన నోట అలాగే రాయండి. ఆ వాదన ఆయన ఒక్కడిది కాదు, ఆ తరంలో ఇంటింటిదీ. మీ కుటుంబం హిందూ వారసత్వ చట్టం కిందికి వచ్చేదైతే చట్టం సంగతి కూడా తెలుసుకోండి. వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కూతురికీ కొడుకుతో పాటు వాటా 1956 నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, అదీ అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకే దక్కింది, ఆ షరతు 2005లో గానీ పోలేదు. ఆ భూమి ఏ రకందో తేలితే, మామ చేసినది అక్రమమా, అన్యాయమా, రెండూనా అన్నది తేలుతుంది. ఈ రెండు మాటలూ ఒకటి కావు. అమ్మకు జరిగినది ఎలాగూ అన్యాయమే. మామను దొంగ అనాలా వద్దా అన్నది ఆ తేడా మీద ఆధారపడుతుంది.

దగ్గరివారి వల్ల పడిన బాధను ఎలా రాయాలో చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు చివరి రోజులు మన విశాఖలోనే గడిపారు, 2018లో నూరేళ్లు నిండాక ఇక్కడే కన్నుమూశారు. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో, ఆమె తొంభై దాటాక వచ్చింది. భర్త దేశమంతా తెలిసిన విప్లవ నాయకుడు. ఆయన తనను వదిలి వెళ్లడం, పిల్లలను పోగొట్టుకోవడం, పెద్దయ్యాక మళ్లీ చదువుకుని హాస్టలు మేట్రన్‌గా బతకడం, అన్నీ అందులో ఉన్నాయి. దాచినట్టూ లేదు, అభియోగపత్రం చదువుతున్నట్టూ లేదు. అంతకాలం లోకం ఆమెను ఫలానా ఆయన భార్యగా చూసింది. ఆ పుస్తకం చదివాక నాకు ఆయనే ఆమె కథలో ఒక పాత్రగా కనిపించారు.

కులం గురించి. మీరు ప్రశ్నలో కూడా మీ కులం పేరు రాయలేదు, నేను అడగను. నేను పుట్టిన కులం నన్ను ఏ గడప దగ్గరా ఆపలేదు. అందుకని ఈ ఒక్క విషయంలో నా సలహా కన్నా అదే దారిలో నడిచిన వారి పుస్తకాలకు ఎక్కువ బరువు ఇవ్వండి. గుర్రం జాషువా ‘నా కథ’ను పద్యాల్లో రాశారు. ఏ పద్యాన్ని తనది కాదని పండితులు అన్నారో, ఆ పద్యంలోనే తన అవమానాలను చెప్పారు. అంబేడ్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చిన్న పుస్తకం, ఒక పూటలో చదవవచ్చు. అందులో చిన్నప్పటి అంబేడ్కర్, ఇంట్లోని ఇతర పిల్లలు కలిసి తండ్రిని చూడడానికి మొదటిసారి రైలెక్కి వస్తారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి స్టేషను మాస్టరు ఆప్యాయంగా పలకరిస్తాడు. ఎవరు మీరు అంటే, మహర్లమని, అంటే అక్కడ అంటరానివారిగా చూసే కులంవాళ్లమని చెబుతారు. ఆయన ముఖం మారిపోతుంది. బండివాళ్లెవరూ ఎక్కించుకోరు. చివరికి రెట్టింపు బాడుగకు ఒకరు ఒప్పుకుంటారు, పిల్లలే బండి తోలాలని, తాను పక్కన నడుస్తానని. అంబేడ్కర్ అక్కడ ఒక్క విశేషణం కూడా పోగు చేయరు. బాడుగ ఎంత, నీళ్లు ఎక్కడ దొరకలేదు, అంతే చెబుతారు.

మీ కథలో ఆ స్టేషను మాస్టరు ఎవరు? విశాఖలో అద్దె ఇల్లు వెతికేటప్పుడు ‘మీ ఇంటిపేరు ఏమిటి?’ అని, తరువాత ‘నాన్‌వెజ్ తింటారా?’ అని అడిగిన ఇంటి యజమాని కావచ్చు. మీరు ఏమన్నారో, మెట్లు దిగుతూ ఏమనుకున్నారో రాయండి. కులం పేరు చెప్పి రాస్తారా, చెప్పని ఆ రోజునే రాస్తారా అన్నది మీ చేతిలో ఉంది. పుస్తకం వచ్చిన మర్నాడు ఆఫీసుకు వెళ్లవలసింది మీరే, నేను కాదు. ఒక్కటి మాత్రం కోరతాను. అబద్ధపు కులం వేయకండి, ‘పేద కుటుంబం’ అనే ముసుగూ వేయకండి. బావి దగ్గర దూరంగా నిలబెట్టింది పేదరికం కాదు. ఈ విషయంలో అమ్మ ఏమంటుందో కూడా అడిగారా? పుస్తకం ఆమె జీవితం గురించి. ఆమెకు లేని సంకోచం మీకు ఉండవచ్చు, మీకు లేని భయం ఆమెకు ఉండవచ్చు. అచ్చుకు ముందు మొత్తం ఆమెకు చదివి వినిపించండి, వద్దన్నది తీసేయండి.

చివరగా వేలిముద్ర. మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయారు, దాని గురించి ఏమీ అడగలేదు. ఏడో తరగతి చదివిన మనిషికి సంతకం వస్తుంది. మరి కాగితం మీద వేలిముద్ర ఎందుకుంది? ఆడమనిషి కాబట్టి చదువు రాదని రాసేవాడే అనుకున్నాడా? అమ్మ చెప్పినా వినలేదా? సంతకం పెడితే చదివి పెట్టిందని రేపు ఎవరైనా అంటారని భయపడ్డారా? లేక అన్నయ్య పక్కనుంటే ఆమే నోరు విప్పలేదా? అసలు ఆ వేలిముద్ర అమ్మదేనా? ఆ కాగితంలో ఆమెను ఫలానా వారి కూతురు అని రాశారా, ఫలానా వారి భార్య అనా? మీ పుస్తకం అక్కడి నుంచి మొదలుకావాలని నా అభిప్రాయం. అమ్మ పుట్టుకతోనో, ఊరి వర్ణనతోనో కాదు.

ఈ ఆదివారం అడగండి. ఏ గది, ఏ వేళ, ఎవరెవరున్నారు, ఇంకు ప్యాడు ఎవరు పట్టుకున్నారు, వేలు ఎవరైనా పట్టుకుని అద్దారా, ఆ రోజు వంట ఏమిటి, వేలికి అంటిన సిరాను దేనితో కడుక్కుంది. జవాబు రాకపోతే తొందరపెట్టకండి, వచ్చే ఆదివారం ఉంది. రాసుకోవడానికి కొత్త నోటుపుస్తకం తీసుకోండి. మొదటి పేజీ ఖాళీగా ఉంచి, కలం అమ్మ చేతికిచ్చి సంతకం చేయమనండి. ఏ ఇంటిపేరుతో చేయాలో మీరు చెప్పకండి.